పదకొండింటికల్లా మొహమంతా జిడ్డు, ఎన్నిసార్లు కడిగినా అంతే

కృష్ణలంక_పిల్ల · మే 6, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నాకు 23 ఏళ్ళు. బెజవాడలో ఒక చీరల షోరూంలో సేల్స్‌లో చేస్తాను. పొద్దున తొమ్మిదిన్నరకి మొహం కడుక్కుని, పౌడర్ రాసుకుని కౌంటర్ దగ్గర నిలబడతాను. పదకొండు అయ్యేసరికి నుదురు, ముక్కు, గడ్డం జిడ్డుతో మెరుస్తుంటాయి. కస్టమర్ భుజం మీద చీర వేసి అద్దంలో చూపిస్తాం కదా, పక్కన నేనూ కనబడతాను. ఆ లైట్ల కింద నా మొహం ఒక్కటే తడిసినట్టు ఉంటుంది. అద్దం వైపు చూడకుండానే చీర చూపించడం అలవాటు చేసుకున్నాను. మొన్న మా సూపర్‌వైజర్ అందరి ముందూ "కాస్త మొహం కడుక్కుని రా అమ్మా" అన్నారు. వెళ్ళి కడుక్కుని, లోపలే పది నిమిషాలు ఏడ్చి వచ్చాను.

ఇప్పటిదాకా ఏం చేశానో చెప్తాను. రోజుకి ఆరుసార్లు ఒంటి సబ్బుతోనే మొహం కడుగుతాను. మా ఇంట్లో బోరు నీళ్ళు. ముల్తానీ మట్టి వారానికి మూడుసార్లు వేస్తాను. నిమ్మచెక్క మీద పంచదార అద్ది ముక్కు మీద రుద్దితే మండిపోయింది, మానేశాను. జనవరిలో మా పెద్దమ్మ కూతురి పెళ్ళని ఒక పార్లర్‌కి వెళ్తే నైట్ క్రీం ఇచ్చారు. నాలుగు రోజుల్లో మొహం తేటపడింది, మొటిమలూ పోయాయి. రాసినన్నాళ్ళూ బాగుంటుంది. రెండు రోజులు మానేస్తే బుగ్గలు ఎర్రబడతాయి, పొయ్యి దగ్గర నిలబడితే మంట. అందుకని మళ్ళీ రాస్తున్నాను. నాలుగు నెలలయింది.

ఇంకొకటి. నుదుటి మీద, జుట్టు మొదలయ్యే చోట ఆవగింజంత పొక్కులు వచ్చాయి, అన్నీ ఒకే సైజు. చెమట పడితే దురద. అమ్మ రోజూ రాత్రి తలకి కొబ్బరి నూనె పెడుతుంది. పీరియడ్స్ కూడా రెండు నెలలకోసారి వస్తున్నాయి. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో గానీ చెప్పేస్తున్నాను.

ఆవకాయ, వేపుళ్ళు మానేస్తే జిడ్డు తగ్గుతుందా? ఇప్పటికే జిడ్డుగా ఉన్న మొహానికి మాయిశ్చరైజర్ రాయాలా? నెలకి 500 రూపాయలు దాటి పెట్టలేను. దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.


గుంటూరు_కుర్రాడు · మే 6, రాత్రి 11:15

సిస్టర్, నాదీ ఆయిలీ స్కిన్నే. నేను పొద్దున్నే ఐసుముక్క బట్టలో చుట్టి మొహానికి రుద్దుతాను, రంధ్రాలు మూసుకుంటాయి. వారానికోసారి వంటసోడా పేస్ట్ పెడితే జిడ్డు మొత్తం లాగేస్తుంది. ట్రై చెయ్యండి.


మందులకొట్టు_అక్క · మే 7, ఉదయం 6:20

చెల్లీ, జిడ్డు సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ నైట్ క్రీం సంగతి చూడు. దాని వెనక చిన్న అక్షరాల్లో ఏం రాసుందో చదివి ఇక్కడ పెట్టు. బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏ పేరు కనబడినా అది స్టెరాయిడ్. పక్కన నిలువుగా ఎర్ర గీత ఉందేమో కూడా చూడు. ఆ గీత ఉంటే డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడని మందని అర్థం. అసలు పేరే లేని డబ్బా అయితే ఇంకా ప్రమాదం.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, నేను రాజమండ్రిలో ఒక మందుల షాపులో 17 ఏళ్ళుగా ఫార్మసిస్టుగా చేస్తున్నాను. నా పెళ్ళికి ముందు, 22 ఏళ్ళప్పుడు, నాకూ ఇలాంటి క్రీమే ఒకరు ఇచ్చారు. అప్పటికి నేను బీఫార్మసీ చదువుతున్నాను, అయినా ట్యూబు వెనక్కి తిప్పి చూడలేదు. అద్దంలో మొహం బాగుంటే ఎవరు చూస్తారు? ఎనిమిది నెలలు రాశాను. బుగ్గల మీద సన్న వెంట్రుకలు మొలిచాయి, చర్మం కింద ఎర్రటి దారాల్లాంటి నరాలు కనబడ్డాయి. పెళ్ళైన కొత్తలో అత్తగారింట్లో కట్టెల పొయ్యి దగ్గర కూర్చోలేకపోయేదాన్ని. కోడలికి పని చెయ్యడం ఇష్టం లేదనుకున్నారు. మామూలు మనిషినయ్యేసరికి ఏడాదిన్నర పట్టింది. నువ్వు రాసిన "పొయ్యి దగ్గర మంట" అన్న మాట చదవగానే నా గుండె ఝల్లుమంది.

బాబూ గుంటూరు, నువ్వు మంచి మనసుతోనే చెప్పావు, కానీ ఆ రెండూ ఈ అమ్మాయి చెయ్యకూడదు. వంటసోడా క్షారం. నిమ్మరసం అటు చివర, పుల్లటి ఆమ్లం. చర్మం పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత, 7కి తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 5కి అటూ ఇటూ ఉంటుంది, ఇప్పటికే దెబ్బతిన్న మొహం మీద ఈ రెండిట్లో ఏది పెట్టినా పుండు మీద కారమే. ఐసుకి రంధ్రాలు మూసుకోవు. వాటికి తలుపులు లేవు, తెరవడానికీ మూయడానికీ కండరాలు లేవు. చల్లదనానికి చర్మం కాసేపు బిగుసుకుంటుంది, అంతే.


కృష్ణలంక_పిల్ల · మే 7, ఉదయం 8:05

అక్కా, ట్యూబు చివరి నుంచి చుట్టుకుంటూ వచ్చేశాను, రాసిన చోటు మడతలో పడిపోయింది. విప్పదీసి, గోరుతో సాపు చేసి, ఫోన్ టార్చి పెట్టి చదివాను. హైడ్రోక్వినోన్ 2%, ట్రెటినాయిన్ 0.025%, మొమెటాసోన్ 0.1%. ఎర్ర గీత కూడా ఉంది. నాలుగు నెలలుగా రోజూ చేత్తో పట్టుకుంటున్నాను, ఆ గీత డిజైన్ అనుకున్నాను. ఇప్పుడేం చెయ్యాలి? చాలా భయంగా ఉంది.


మందులకొట్టు_అక్క · మే 7, మధ్యాహ్నం 2:30

భయపడకు. నాలుగు నెలలకే అడిగావు, అది మంచిదైంది. భోజనానికి ఇంటికొచ్చాను, తీరిగ్గా రాస్తున్నాను, పెద్దదైనా చదువు.

ముందు ఆ ట్యూబు. అందులో మూడు మందులున్నాయి. హైడ్రోక్వినోన్ మంగుమచ్చలకి కొద్దికాలం వాడేది. ట్రెటినాయిన్ విటమిన్ ఏ జాతి మందు, గర్భం ఉన్నవాళ్ళు వాడకూడదు. మొమెటాసోన్ స్టెరాయిడ్. అది రక్తనాళాలని బిగిస్తుంది, వాపుని అణిచేస్తుంది. అందుకే నాలుగు రోజుల్లో ఎరుపు పోయి మొహం తేటపడింది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, కొత్తరకం మొటిమలు లేస్తాయి. మానగానే అప్పటిదాకా అణిగి ఉన్న వాపు ఎగదన్నుతుంది. మంట తట్టుకోలేక మళ్ళీ రాస్తాం. ఆ మూడింటినీ కలిపిన మందుకి దాని పని దానికుంది, మంగు కోసం డాక్టర్లు కొన్ని వారాలకి రాస్తారు. పెళ్ళికి మెరుపు కోసం ఇచ్చేది మాత్రం కాదు. మన దేశంలో చర్మ డాక్టర్ల సంఘం దీని మీద ఎన్నో ఏళ్ళుగా మొత్తుకుంటోంది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములని చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది కూడా. అయినా మా కౌంటర్ దగ్గరికి రోజూ ఇద్దరు ముగ్గురు ఖాళీ ట్యూబు పట్టుకుని "ఇదే ఇవ్వండి" అని వస్తారు. నేను ఇవ్వను. తిట్టి పక్క షాపుకి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు.

నువ్వు చెయ్యాల్సింది ఈ వారంలోనే స్కిన్ డాక్టర్‌కి చూపించుకోవడం. ప్రైవేటు ఫీజు కష్టమైతే పెద్ద ప్రభుత్వాసుపత్రికి పొద్దున్నే వెళ్ళి డీవీఎల్ ఓపీ ఎక్కడని అడుగు, చర్మ విభాగాన్ని అక్కడ అలాగే అంటారు. ట్యూబు తీసుకెళ్ళు. ఒక్కసారిగా మానాలా, మెల్లగా తగ్గించాలా, మంటకి ఏం వాడాలి అన్నది వాళ్ళు మొహం చూసి చెప్తారు. మానాక రెండు మూడు వారాలు మొహం ఇప్పటికంటే అధ్వాన్నంగా ఉండొచ్చు. ఆ రోజుల్లో చెయ్యి మళ్ళీ ట్యూబు మీదకి పోతుంది. పోనివ్వకు.

ఇక జిడ్డు.

నీ అరచెయ్యి చూసుకో, ఎంత ఎండలోనైనా చెమట పడుతుంది గానీ జిడ్డు ఊరదు. అక్కడ నూనె గ్రంథులు ఒక్కటీ లేవు, అరికాల్లోనూ లేవు. అవి కిక్కిరిసి ఉండేది మాడు, నుదురు, ముక్కు, గడ్డం, ఛాతీ, వీపు మీద. ప్రతి వెంట్రుక కుదురు పక్కనా ఒక గ్రంథి ఉంటుంది, అందులో ఊరే నూనెని సీబం అంటారు. చర్మం ఎండిపోకుండా కాచేది అదే. ఎంత ఊరాలో చెప్పేది లోపలి హార్మోన్లు, ముఖ్యంగా ఆండ్రోజన్లు. అవి మగవాళ్ళ హార్మోన్లంటారు గానీ మన ఒంట్లోనూ కొద్దిగా ఉంటాయి. ఈడొచ్చేటప్పుడు ఈ గ్రంథులు పెద్దవవుతాయి. ఎంత పెద్దవన్నది చాలావరకు అమ్మానాన్నల నుంచి వస్తుంది. మీ నాన్నగారి మొహం ఒకసారి చూడు.

అందుకే ఆవకాయలో నూనె మొహానికి ఎక్కదు. తిన్న నూనె అరిగి రక్తంలో కలుస్తుంది, నుదుటి మీద తేలదు. ఆవకాయ తిను. కానీ కూల్‌డ్రింకులు, బేకరీ మైదా సరుకు, రోజుకి నాలుగు కప్పుల తియ్యటి టీ ఉంటే తగ్గించి చూడు. తీపి, మైదా ఒంట్లో ఇన్సులిన్‌ని ఒక్కసారిగా ఎగదోస్తాయి, కొందరికి దానివల్ల మొటిమలు పెరుగుతాయి. పాలు కూడా కొందరికి పడవు. అందరికీ అలా జరగదు కాబట్టి నీ ఒంటిని నువ్వే గమనించుకో.

ఎక్కువ కడిగితే గ్రంథులు పంతం పట్టి ఇంకా ఎక్కువ ఊరిస్తాయని వినే ఉంటావు. నువ్వు కడిగావో లేదో గ్రంథికి తెలియదు, దానికి ఆజ్ఞ లోపల్నుంచే వస్తుంది. కడిగిన గంటన్నరకి మళ్ళీ మెరుస్తోందంటే అది ఆగకుండా ఊరుతూ ఉంటుంది కాబట్టి. ఆరుసార్ల సబ్బు చేసే నష్టం వేరే. ఒంటి సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. చర్మం పైపొరలో కణాలని పట్టి ఉంచే కొవ్వుని అది కరిగించేస్తుంది. పైన జిడ్డు, కింద పగుళ్ళు. కడుక్కున్న పది నిమిషాలకి మూతి దగ్గర బిగుసుకుపోయినట్టు ఉంటుందా? అది శుభ్రత కాదు, దెబ్బ. పైగా బోరు నీళ్ళలో కాల్షియం సబ్బుతో కలిసి తెట్టు కడుతుంది. మీ బకెట్ అంచున తెల్ల చార ఉంటుందే, అదే. పలచగా మొహానికీ అంటుకుంటుంది.

కాబట్టి సబ్బు ఆపెయ్యి. నురుగు తక్కువగా వచ్చే, సువాసన లేని సాదా ఫేస్ వాష్ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. మునివేళ్ళతో రాసి కడిగి, మెత్తటి నూలు తువ్వాలుతో అద్దుకో. మధ్యాహ్నం చెమట ఎక్కువైతే వట్టి నీళ్ళు చాలు. షోరూంలో ఉన్నప్పుడు టిష్యూ పేపర్‌ని నుదుటి మీద పెట్టి మూడు లెక్కపెట్టేదాకా నొక్కు, తర్వాత ముక్కు, తర్వాత గడ్డం. రుద్దకు. తీసి లైటుకి అడ్డంగా పట్టుకుంటే కాగితం అద్దంలా కనబడుతుంది, నూనె అందులోకి వచ్చేసిందన్నమాట. జిడ్డు మీద జిడ్డుగా పౌడర్ మెత్తకు, ముద్ద కడుతుంది. ముందు అద్దుకుని తర్వాత పలచగా వేసుకో.

మాయిశ్చరైజర్ రాయాలి. నీ మొహంలో నూనె ఎక్కువ, నీటిని పట్టి ఉంచే శక్తి తక్కువ. జెల్ రకం, శనగగింజంత, కొంచెం తడి ఉండగానే. దాని మీద పొద్దున సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ 30 లేదా పైన, అదీ జెల్ రకమే. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా గీత పెట్టుకుంటే మొహానికీ మెడకీ సరిపోతుంది. మన రంగు చర్మానికి మొటిమ పోయాక కూడా నల్లమచ్చ నెలల తరబడి ఉంటుంది, ఎండ తగిలితే ఇంకా ముదురుతుంది. ఈ మూడూ కలిపి రెండు నెలలకి కొనుక్కుంటే నీ 500 లెక్కలో సర్దుకోవచ్చు, ఖరీదైన పేరే ఉండక్కర్లేదు.

సాలిసిలిక్ ఆసిడ్, నియాసినమైడ్, అడాపలీన్ అని ఎవరైనా చెప్తారు, మంచివే. సాలిసిలిక్ ఆసిడ్ నూనెలో కరుగుతుంది కాబట్టి రంధ్రం లోపలిదాకా దిగి పూడిక తీస్తుంది. నియాసినమైడ్ జిడ్డుని కొంత తగ్గిస్తుంది. అడాపలీన్ కొత్త మొటిమ పుట్టకుండా చూస్తుంది, ఫలితానికి రెండు మూడు నెలలు పడుతుంది, గర్భం అనుకునేవాళ్ళు వాడకూడదు. కానీ నీకు ఇప్పుడు ఇవేవీ వద్దు. మంట చల్లారాక, డాక్టర్ సరేనన్నాక, ఒక్కోటిగా.

ముక్కు మీద బూడిదరంగు చుక్కలు ఉన్నాయా? వాటిని గిల్లకు. అవి మురికి కాదు, నూనె బయటికొచ్చే దారులు. పీకేసినా కొన్ని వారాల్లో మళ్ళీ నిండుతాయి.

ఇక నుదుటి మీద పొక్కులు. ఒకే సైజు, దురద, చెమటకి ఎక్కువవడం. అవి మొటిమలు కాకపోవచ్చు. మన చర్మం మీద ఎప్పుడూ ఉండే మలసీజియా అనే ఫంగస్‌కి నూనెలో ఉండే కొవ్వు ఆమ్లాలే తిండి, కొబ్బరి నూనె దానికి విందు. వెంట్రుక కుదుళ్ళలో అది పెరిగితే అచ్చం నువ్వు చెప్పినట్టే ఉంటుంది. మొటిమల మందులకి తగ్గదు, యాంటీబయాటిక్ వాడితే ఎక్కువవుతుంది కూడా. స్టెరాయిడ్ క్రీం కూడా దాన్ని పెంచుతుంది. డాక్టర్‌కి ఇది విడిగా చూపించు. అమ్మని నొప్పించకుండా చెప్పు: నూనె తలంటుకి రెండు గంటల ముందు పెట్టించుకుని, అదే రోజు కడిగేసుకుంటానని. రోజూ రాత్రి పెట్టుకుని పడుకుంటే ఆ నూనె నుదుటి మీదకి, తలగడ మీదకి, తలగడ మీంచి బుగ్గ మీదకి. మీ తలగడ గలేబు మధ్యలో పసుప్పచ్చటి మరక ఉంటే ఈ రాత్రే మార్చు.

పీరియడ్స్ సంగతి చెప్పి మంచిపని చేశావు. రెండు నెలలకోసారి రావడం, జిడ్డు, మొటిమలు, గడ్డం కింద ముదురు వెంట్రుకలు, ఇవన్నీ ఉంటే పీసీఓఎస్, అంటే అండాశయాల్లో హార్మోన్లు అదుపు తప్పే సమస్య, అయ్యుండొచ్చు. గైనకాలజిస్టుకి చూపించి స్కాన్, రక్తపరీక్ష చేయించుకో. అలాంటప్పుడు పైపూతలతోనే జిడ్డు తగ్గదు.

షాపు టైమైంది. ఏమైందో రాయి, ఎదురుచూస్తుంటాను.


తణుకు_పెద్దమ్మ · మే 7, సాయంత్రం 5:50

తల్లీ, నువ్వు బాత్రూంలో ఏడ్చానంటే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నాకు 66 ఏళ్ళు. మా రోజుల్లో ఫేస్ వాష్‌లు ఎక్కడివి? మినుములు, పెసలు, కచ్చూరాలు, బావంచాలు, ఎండబెట్టిన నారింజ తొక్కలు, పసుపుకొమ్ములు మరపట్టించి డబ్బాలో పోసుకునేవాళ్ళం. భోగి నాడు, దీపావళి నాడు పిల్లలందరినీ పీటల మీద వరసగా కూర్చోబెట్టి నువ్వులనూనె పట్టించి నలుగు పెట్టేది మా అమ్మ. జిడ్డు ఒక్క చుక్క మిగిలేది కాదు. సున్నిపిండికి మించింది లేదు. కావాలంటే నీకు నేను పంపిస్తాను.


మందులకొట్టు_అక్క · మే 7, రాత్రి 9:40

పెద్దమ్మగారూ, మీ సున్నిపిండి మాటకి మా అమ్మమ్మ గుర్తొచ్చింది. నలుగు ఒంటికి మంచిదే, నేనూ పండక్కి పిల్లలకి పెడతాను. పప్పుపిండి నూనెని పీల్చుకుంటుంది, సబ్బంత గరుగ్గా కడగదు. కానీ ఈ అమ్మాయి మొహానికి మాత్రం ఇప్పుడు వద్దండి, మంట పుడుతున్న చర్మం మీద ఏ పిండి రుద్దినా గీసుకుపోతుంది.

ఇంకొక మాట, మీరు పెద్దవారు, తప్పుగా అనుకోకండి. బావంచాలలో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది. బొల్లి వైద్యంలో దాన్ని ఇచ్చి ఎండలోనో యూవీ లైటు కిందో నిలబెట్టేది చర్మం ఎండకి స్పందించాలనే. అంటే అది ఉన్న పిండి మొహానికి పెట్టుకుని ఎండలోకి వెళ్తే కమిలి నల్లబడొచ్చు. ఇంట్లో నలుగు పెట్టుకుని నీడపట్టున ఉండే రోజుల్లో తెలిసేది కాదు. ఇప్పటి పిల్లలు స్నానం చేసి స్కూటీ ఎక్కి మే ఎండలో పోతున్నారు. మరపట్టించేటప్పుడు బావంచాలు మానేస్తే మిగతాదంతా భేషుగ్గా ఉంటుంది.


తణుకు_పెద్దమ్మ · మే 8, ఉదయం 7:10

తప్పేముందమ్మా. మా మనవరాలు కిందటేడు నలుగు పెట్టుకుని కాలేజీకి వెళ్ళి బుగ్గలు కమిలి వచ్చింది. ఎండ అనుకున్నాం. ఈసారి బావంచాలు వెయ్యను.


మియాపూర్_నుంచి · మే 8, రాత్రి 10:25

మందులకొట్టు అక్క గారు ఫంగస్ గురించి చెప్పారు కాబట్టి నా అనుభవం కూడా రాస్తాను, మగవాళ్ళకి పనికొస్తుంది. నాకు 31. ముక్కు పక్కల, కనుబొమల్లో జిడ్డుగా ఉండేది, దాని మీదే పొట్టు రాలేది. పొట్టు రాలుతోంది కదా, పొడి చర్మం అనుకుని ఏడాది పాటు రాత్రిళ్ళు కొబ్బరి నూనె రాశాను. ఎర్రబడి ఇంకా పెరిగింది. తలలో చుండ్రు కూడా బాగా ఉండేది, రెండూ వేర్వేరు అనుకున్నాను. చివరికి డాక్టర్ చూసి రెండూ ఒకటే, సెబోరిక్ డెర్మటైటిస్, జిడ్డు ఉండే చోట ఆ ఫంగస్‌తో ముడిపడి పొట్టు రాలే జబ్బు అన్నారు. ఫంగస్‌ని అణిచే కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, తలకి పెట్టి ఐదు నిమిషాలుంచి, ఆ నురుగే కనుబొమలకీ ముక్కు పక్కలకీ అద్ది కడిగెయ్యమన్నారు. నెలలో తగ్గింది. పూర్తిగా పోయేది కాదట, చలికాలం వచ్చినా, ఆఫీసు టెన్షన్ ఎక్కువైనా మళ్ళీ మొదలవుతుంది. అప్పుడు మళ్ళీ షాంపూ.

హెల్మెట్ లోపలి గుడ్డ విప్పి ఉతకొచ్చని కూడా చాలామందికి తెలియదు. నాది మూడేళ్ళ తర్వాత ఉతికితే బకెట్లో నీళ్ళు నల్లగా వచ్చాయి. నుదుటి మీద పొక్కులున్నవాళ్ళు అది కూడా చూసుకోండి.


కృష్ణలంక_పిల్ల · జులై 24, రాత్రి 9:15

అక్కా, పదకొండు వారాలయింది. ముందే రాయాల్సింది, మధ్యలో చాలా కష్టంగా గడిచింది.

మీరు చెప్పిన మర్నాడే సెలవు పెట్టి ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాను. డీవీఎల్ ఓపీలో నాలాగే ట్యూబు చేత్తో పట్టుకుని ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు, ఒకావిడకి నలభై ఉంటాయి. డాక్టరమ్మ నా బుగ్గని లెన్స్ పెట్టి చూసి, స్టెరాయిడ్ వల్లే అన్నారు. నుదుటి పొక్కు మీంచి కొంచెం గీకి స్లైడు మీద వేసి చూశారు, ఫంగస్ ఉంది. దానికి లోషన్ రాసిచ్చారు. క్రీం పూర్తిగా ఆపించి, మంటకి వేరే పూత, సాదా మాయిశ్చరైజర్ ఇచ్చారు.

రెండో వారం నరకం. మొహం అంతా ఎర్రగా, చీము పొక్కులు. షోరూంలో మాస్క్ పెట్టుకుని నిలబడ్డాను. ఒక రాత్రి ట్యూబు మూత తీశాను కూడా. అప్పుడు మీరు రాసిన "పోనివ్వకు" అన్న మాట ఫోన్‌లో తెరిచి చదువుకుని, మూత పెట్టేసి పడుకున్నాను. ఐదో వారం నుంచి మంట తగ్గింది. నిన్న దోసెలు నేనే వేశాను, పన్నెండు వేశాను, బుగ్గలు మామూలుగానే ఉన్నాయి. నుదుటి పొక్కులు పూర్తిగా పోయాయి. అమ్మ ఇప్పుడు ఆదివారం పొద్దున మాత్రమే నూనె పెడుతోంది, మొదట్లో అలిగింది.

స్కాన్‌లో పీసీఓఎస్ అనే వచ్చింది. గైనిక్ డాక్టర్ మాత్రలు రాశారు, రోజూ నడవమన్నారు. బస్సు దిగి రెండు స్టాపులు నడుస్తున్నాను.

జిడ్డు పోలేదక్కా. కానీ పదకొండింటికి వచ్చేది ఇప్పుడు ఒంటిగంటకి వస్తోంది. టిష్యూ నొక్కి లైటుకి పట్టుకుని చూస్తాను, మీరు చెప్పినట్టే అద్దంలా ఉంటుంది. అద్దం ముందు చీర చూపించేటప్పుడు మళ్ళీ తలెత్తుతున్నాను.

ఒక్కటి అడగాలి. మా చెల్లికి 14 ఏళ్ళు. దానికీ ముక్కు మీద జిడ్డు, నుదుటి మీద రెండు మొటిమలు మొదలయ్యాయి. నేను వాడేవన్నీ తనూ రాసుకుంటానని గొడవ. ఏం చెప్పను?


మందులకొట్టు_అక్క · జులై 25, ఉదయం 6:05

రాత్రే చదివాను, ఆనందంతో నిద్రపట్టలేదు. మూత తీసి మళ్ళీ పెట్టావు చూడు, అది నేను 22 ఏళ్ళప్పుడు చెయ్యలేకపోయాను.

చెల్లికి నీ మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, ఫేస్ వాష్ ఇవ్వొచ్చు. డాక్టర్ నీకు రాసిచ్చిన పూతలు, లోషన్ ఇవ్వొద్దు, అవి నీ మొహం చూసి రాసినవి. ఆ వయసులో గ్రంథులు అప్పుడే పెద్దవవుతుంటాయి, రెండు మొటిమలు మామూలే. గిల్లొద్దని చెప్పు. తలకి నూనె తలంటు రోజున మాత్రమే. గట్టిగా, నొప్పిగా, లోతుగా మొటిమలు వస్తే, లేదా గుంటలు పడుతుంటే ఆలస్యం చెయ్యకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు, గుంట పడ్డాక పూడ్చడం కష్టం.

ఆ పాత ట్యూబు ఇంకా ఇంట్లోనే ఉందని నీ మాటల్ని బట్టి అర్థమైంది. ఈ రోజే కత్తెరతో మధ్యకి కోసి, పాత కాగితంలో చుట్టి చెత్తలో వెయ్యి. చెల్లి చేతికి దొరికే చోట ఒక్క గంట కూడా ఉంచకు.


కృష్ణలంక_పిల్ల · జులై 25, ఉదయం 7:30

కోసేశానక్కా. చెల్లి చేతే కోయించాను, ముందు దానిచేత వెనక ఉన్న మూడు పేర్లూ పైకి చదివించి.